సూది అత్తయ్య, నిదానం ఫోను

మా మేనత్తను ఇంట్లో అందరం సూది అత్తయ్య అంటాం. మాటలు గుచ్చుకుంటాయని ఆ పేరు పెట్టామని కొందరు అనుకుంటారు. గుచ్చుకుంటాయి, నిజమే, కానీ పేరు అందుకు రాలేదు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగేముందే అక్కడి కుట్టుమిషన్ దగ్గరకు వెళ్లి, సూది వంగిందేమోనని వేలితో తడిమి చూస్తుంది. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆమె పని. దుకాణం లేదు. ఎవరు పిలిస్తే వాళ్లింటికి వెళ్లి, మిషన్ పక్కనే నేల మీద చతికిలబడి, విప్పి, తుడిచి, నూనె వేసి, బిగించి వస్తుంది. మా తాత నేర్పిన పని అది. ముందు మా నాన్నకు నేర్పబోయాడట. మొదటిరోజే వేలిమీదుగా కుట్టు వేసుకుని నాన్న చేతులెత్తేశాడు. అత్తయ్య ఆ వేలికి కట్టు కట్టి, వెళ్లి ఆ మిషన్ ముందు కూర్చుంది.

ఇన్ని మిషన్లను ఒలిచి చూసే ఈ మనిషికి దిక్కులు మాత్రం తెలియవు. మా చెల్లెలు పుట్టినప్పుడు ఆస్పత్రికి చూడటానికి వచ్చింది. అందరికీ టీ తెస్తానని ఫ్లాస్కు పట్టుకుని బయటికి వెళ్లి, నడవా అంతా చుట్టి, మళ్లీ మా గదిలోకే వచ్చి, ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుందండీ అని మా అమ్మనే అడిగింది. ఫలానా దర్జీ మిషన్‌లో ఏ స్క్రూ వదులో కళ్లు మూసుకుని చెబుతుంది. ఆ దర్జీ ఇల్లు ఎటువైపో అడిగితే మాత్రం మామయ్య మొహం చూస్తుంది.

మామయ్య పార్సెళ్ల వ్యాను డ్రైవరు. ఊళ్లో సందులన్నీ ఆయనకు కొట్టినపిండి. పొద్దున్నే అత్తయ్యను స్కూటర్ వెనక ఎక్కించుకుని, పనిముట్ల పెట్టెను ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని, ఒక ఇంట్లో దింపి తన డ్యూటీకి పోయేవాడు. మధ్యాహ్నం వచ్చి ఇంకో ఇంట్లో దింపేవాడు. ఉద్యోగం మానేశాక రోజంతా అదే పని. అత్తయ్యకు స్కూటర్ నడపడం రాక కాదు. బాగానే నడుపుతుంది. ఎటు నడపాలన్నదే సమస్య.

కిందటేడు కళ్ల డాక్టరు మామయ్యను ఇక బండి ముట్టుకోవద్దన్నాడు. ఎదురుగా ఉన్నవి కనిపిస్తాయి, పేపరు చదువుకుంటాడు, పక్కనుంచి వచ్చేవే కనిపించడం లేదు. ఇద్దరూ రెండురోజులు మాట్లాడుకోలేదని తర్వాత తెలిసింది. కోపం కాదు, ఏం మాట్లాడాలో తెలియక. మూడోరోజు అత్తయ్య స్కూటర్ తాళం చెవి తీసుకుని, దారి ఫోనులో చెప్పండి, నేనే వెళ్తాను అంది. మామయ్య చెప్పాడు. పచ్చగోడ దాటాక కుడివైపు అన్నాడు. ఆ గోడకు ఎప్పుడో తెల్లరంగు వేసేశారు. ఎప్పుడూ తిరిగే చోటే తిరగమన్నాడు. వెనక కూర్చున్న మనిషి ఎప్పుడు తిరిగింది గనక? ఆరోజు అత్తయ్య వెళ్లాల్సిన ఇంటికి బదులు ఒక ఇటుకల గోడౌన్‌కు చేరింది. అక్కడి కాపలాదారు పెట్టెను చూసి ఎలక్ట్రీషియన్ అనుకుని, ఫ్యూజు ఎక్కడుందో చూపించాడట.

నేను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. ముక్కుమీద కోపం నాకు. మ్యాపు చూపించి దారి చెప్పే ఫోను చేతిలో ఉండగా ఈ గొడవంతా ఏమిటని, మంచి ఫోను ఒకటి కొనిచ్చాను. అత్తయ్య దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, అంచులన్నీ గోటితో గీకి చూసింది. విప్పడానికి ఒక్క స్క్రూ లేదు. అది నాకు వెనక్కి ఇచ్చేస్తూ, మూత తీయలేని వస్తువు మనది కాదే, వాడిదే అంది. వాడెవడో చెప్పలేదు.

అప్పుడు నా బల్ల మీద ఉన్న నా సొంత ఫోను ఆమె కంట పడింది. అది లినక్స్ మీద నడిచే ఫోను. దాని లోపలి ప్రోగ్రాములు ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పెద్ద కంపెనీ చెప్పుచేతల్లో ఉండదు, నాలాంటి పనీపాటా లేనివాళ్లు వేలమంది కూర్చుని దానికి మరమ్మతులు చేస్తుంటారు. వెనక మూత గోటితో లేపితే వస్తుంది. కింద బ్యాటరీ, స్క్రూలు, చిన్నచిన్న స్విచ్చులు. అత్తయ్య మూత లేపింది. లోపల చూసి పసిపిల్లలా నవ్వింది. ఇక దాన్ని నా చేతికి తిరిగి ఇవ్వలేదు. నేను ఇంకోటి తెప్పించుకున్నాను.

ఊరి మ్యాపంతా అందులోనే నింపాను. ఎటు తిరగాలో గొంతుతో చెప్పే ప్రోగ్రాము పెట్టాను. స్కూటర్ హ్యాండిల్‌కు ఒక పట్టీ బిగించి అందులో ఫోను నిలబెట్టాను. అంతా బాగుంది, ఒక్కటే తక్కువ. తాను ఎక్కడుందో ఫోనుకు తెలిసేది కాదు.

తెలిసేది, కానీ దాని ఇష్టం వచ్చినప్పుడు. అత్తయ్య పొద్దున్నే గేటు ముందు స్కూటర్ ఎక్కి, హెల్మెట్ పెట్టుకుని, ఫోను వైపు చూస్తూ కూర్చునేది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండేది. ఎదురింటి టీచరు స్కూలుకు వెళ్లిపోయేది. పాలబండి వచ్చి పోయేది. ఒక్కోసారి హెల్మెట్ తీసి, లోపలికి వెళ్లి, టీ పెట్టుకుని, తాగి వచ్చినా చక్రం తిరుగుతూనే ఉండేది. కదలకుండా ఉంటే త్వరగా దొరుకుతుందని నేను చెప్పినందుకు ఊపిరి కూడా మెల్లగా తీసుకునేదని మామయ్య వెక్కిరించేవాడు. ఇక లాభం లేదని అలాగే బయల్దేరితే, ఏ మలుపు దగ్గరో నిలబడి మామయ్యకు ఫోను చేయాల్సి వచ్చేది. ఆయన మళ్లీ ఏదో గోడ రంగు చెప్పేవాడు.

ఈలోగా ఇళ్లవాళ్లు మెల్లగా తప్పుకోసాగారు. ఆలస్యంగా వస్తారని ఒకరు, అసలు రాలేదని ఒకరు. అన్నిటికన్నా పెద్దది నాటకశాల కుట్టుగది. నటుల దుస్తులన్నీ అక్కడే కుడతారు. కిటికీ పొడవునా మిషన్లు ఉంటాయి, అన్నీ తాత కాలం నుంచి మా ఇంటివాళ్లు చూసుకునేవే. అక్కడి పెద్దదర్జీ మంచావిడే, కానీ పని ఆగితే ఊరుకోదు. ఈసారి పిలిచినప్పుడు వేళకు రాకపోతే మెయిన్‌రోడ్డు మీది దుకాణానికి అప్పగించేస్తానని మొహమాటం లేకుండా చెప్పేసింది. ఆ ఒక్క చోటు పోతే పెట్టె అటకెక్కినట్టేనని అత్తయ్యకు తెలుసు, మాకూ తెలుసు. దుకాణంలో కూర్చుని పనిచేయమన్నారు కొందరు. అత్తయ్య ఆ మాట వింటేనే ఒంటికాలి మీద లేచేది. మిషన్ ఎక్కడ పనిచేస్తుందో, ఏ నేల మీద నిలబడుతుందో, ఎవరు తొక్కుతారో చూడకుండా రోగం ఎలా తెలుస్తుందని ఆమె వాదన.

నేను పంతం పట్టాను. ఫోను తెచ్చుకుని నా బల్ల మీద పెట్టుకున్నాను.

మామూలు ఫోనులు ఆకాశంలో ఏ ఉపగ్రహం ఎక్కడుందో ముందే నెట్‌లో అడిగి తెలుసుకుంటాయి. అందుకే రెప్పపాటులో చోటు చెబుతాయి. మా ఫోనుకు అలా అడగడానికి ఎవరూ లేరు. ఉపగ్రహాలు చెప్పేది తానే వింటుంది. అవి నిదానంగా చెబుతాయి, మధ్యలో ఏ గోడో అడ్డమొస్తే మళ్లీ మొదటి నుంచి వినాలి. కాబట్టి నేను చేయగలిగిందల్లా చేశాను. ముందు స్థానం చెప్పే ప్రోగ్రాము సరైన చోట అడుగుతోందో లేదో చూశాను. అది మూతబడిపోయిన ఏదో నెట్ సేవను అడుగుతూ, జవాబు కోసం కాచుకుని కూర్చుంది. దాన్ని తీసేశాను. ఫోను నిద్రపోయినప్పుడు ఉపగ్రహాల్ని వినే భాగం కూడా నిద్రపోకుండా చేశాను. ఉపగ్రహాల తాజా వివరాల ఫైలు దించి అందులో ఎక్కించాను. మేడ మీదకు తీసుకెళ్లి పెట్టాను. నేను మెట్లు దిగేలోపే చోటు చూపించింది. రెండోసారి ఇంకా త్వరగా. నా వీపు నేనే తట్టుకుని, ఫోను తీసుకెళ్లి అత్తయ్యకు ఇచ్చాను.

మర్నాడు పొద్దున అత్తయ్య నుంచి ఫోను. చక్రం తిరుగుతోంది.

మళ్లీ తెచ్చుకున్నాను. నా దగ్గర పనిచేసింది. ఇచ్చాను. ఆమె దగ్గర తిరుగుతోంది. ఇనుప పెట్టెలో పెడుతున్నావా అని అడిగాను. లేదంది. వీధిలో ఎత్తు మేడలున్నాయేమో అనుకుంటే ఆ వీధిలో అన్నీ ఒంటి అంతస్తు ఇళ్లే. ఫోనులో గడియారం తప్పుగా ఉంటే ఉపగ్రహాలు దొరకవు కదా అని టైము చూశాను, నిమిషం తేడా లేదు. నాలాంటి పనిలేనివాళ్లు కలిసే నెట్ గుంపులో అడిగితే తలో మాటా చెప్పారు. యాంటెన్నా వదులైందని ఒకడు, కొత్త మోడెమ్ వేయమని ఒకడు, ఊరు మారమని ఒకడు. నా తలప్రాణం తోకకొచ్చింది. నీ ఇంట్లో దయ్యమేదో ఉంది అత్తయ్యా అన్నాను ఒకరోజు. ఉంటే ఈపాటికి దానికీ ఒక గౌను కుట్టించేదాన్ని అంది.

ఒక సాయంత్రం ఓడిపోయినట్టే వాళ్లింటికి వెళ్లాను. ఆ మామూలు ఫోనునే వాడమని బతిమాలడానికి. మర్నాడే నాటకశాలకు వెళ్లాల్సి ఉంది. కొత్త నాటకం మొదలయ్యేరోజు, కోట్లు కుట్టే పెద్ద మిషన్ కుట్టు తప్పుతోంది. పొద్దున్నే రమ్మని పెద్దదర్జీ ఫోను చేసింది. ఇది ఆఖరిసారి అనే మాట ఆమె అనలేదట, కానీ అనకుండానే వినిపించిందని అత్తయ్య చెప్పింది.

అత్తయ్య స్కూటర్ ఇంట్లోనే వదిలి, టాక్సీలో ఎవరింటికో అప్పుడే వెళ్లొచ్చి ఉంది. వచ్చిన కూలి టాక్సీకే సరిపోయిందట. నాకు ఉప్మా పెట్టి, తాను కిటికీ పక్కనున్న తన పాత తొక్కుడు మిషన్ మీద జేబు ఒకటి కుట్టుకుంది. కుట్టడం అయింది. దారం తెంపింది. మిషన్ పాదం కింద చిన్న గుడ్డముక్క పెట్టింది. వంగి, చక్రం మీద నుంచి తోలు బెల్టు తప్పించి పక్కకు వేసింది. ఇవన్నీ చిన్నప్పటి నుంచి నేను చూస్తున్నవే. ఆ తర్వాత అదే చేత్తో, అదే ఊపులో, ఫోను అందుకుని, గోటితో మూత లేపి, బ్యాటరీ ఊడదీసి, గుండీల డబ్బాలో వేసి మూత పెట్టింది.

ఉప్మా నా గొంతులో అడ్డంపడింది.

"ఏం చేస్తున్నావు అత్తయ్యా?"

"పనైపోయింది కదే. బెల్టు తీసి పెడుతున్నాను."

"అది బెల్టా?"

"ఏదైతేనేం, తిప్పేది అదే కదా. పని లేనప్పుడు లాగి పెడితే సాగిపోదూ?"

రోజూ ఇలాగే చేస్తున్నావా అని అడిగాను. రోజూనట. నా దగ్గర ఫోను తీసుకున్న మొదటిరోజు నుంచీ. నాకు ఇచ్చేటప్పుడు మాత్రం, వస్తువును విప్పి ఇవ్వడం మర్యాద కాదని, బ్యాటరీ వేసి ఇచ్చేదట. మామయ్య పేపరు మడిచి, నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఆ ఫోను పద్ధతే అంతేమో అనుకున్నాను అన్నాడు. నేను లేచి ఇద్దరినీ దులిపేశాను. ఇన్నాళ్లు ఫోనును తిట్టాను, ప్రోగ్రాములు రాసినవాళ్లను తిట్టాను, ఆకాశాన్ని తిట్టాను అన్నాను. అరిచి అరిచి మధ్యలో నాకే నవ్వొచ్చింది. మొదలైతే ఆగదు కదా. ముగ్గురం కడుపులు పట్టుకుని నవ్వాం.

నవ్వులయ్యాక చెప్పాను. ఈ ఫోను కష్టపడి విన్నదంతా గుర్తుపెట్టుకుంటుంది, మర్నాటికి అదే ఆధారం. నేను ఎక్కించిన ఫైలూ అందులోనే ఉంటుంది. బ్యాటరీ తీస్తే అదంతా చెరిగిపోతుంది, పొద్దున మళ్లీ ఏమీ తెలియని కొత్తదానిలా లేస్తుంది. గడియారాన్ని నెట్‌వర్క్ వెంటనే సరిచేసేస్తుంది, అందుకే టైము చూసినా నాకు అనుమానం రాలేదు. ఉపగ్రహాల సంగతి సరిచేసేవాళ్లు ఎవరూ లేరు. అత్తయ్య శ్రద్ధగా విన్నది. గుండీల డబ్బా తెరిచి, బ్యాటరీ తీసి, చీరచెంగుతో తుడిచి, మళ్లీ ఫోనులో పెట్టింది.

"అయితే దీని బెల్టు తీయకూడదు. ముందే చెప్పొచ్చుగా."

"ఎవరైనా తీస్తారని నేను కలగన్నానా?"

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను, మళ్లీ ఎక్కడ ఊడదీస్తుందోనని. పొద్దున లేవగానే తాజా ఫైలు ఎక్కించాను. అత్తయ్య పెట్టె ముందు పెట్టుకుని, స్కూటర్ ఎక్కింది. హెల్మెట్ అందుకుంది. దాని పట్టీ ఇంకా గడ్డం కింద బిగించలేదు, ఫోను చోటు చూపించేసి, ముందుకు వెళ్లి కుడివైపు తిరగండి అంది. అత్తయ్య ఉలిక్కిపడి మా వైపు చూసింది. నిజంగానే వెళ్లనా అన్నట్టు ఉంది ఆ చూపు. మామయ్య పక్కకు జరిగి, వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. స్కూటర్ వీధి చివర కుడివైపు తిరిగింది.

మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. మామయ్య పేపరు తలకిందులుగా పట్టుకున్నాడని చెప్పను గానీ, పేజీ మాత్రం తిప్పలేదు. అత్తయ్యకు దారి దొరకాలని ఆయన మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. దొరికితే తన అవసరం తీరిపోతుందన్న దిగులూ ఉంది ఆయనకు. రెండూ మొహంలో కనిపిస్తుంటే నాకు ఆయన మీద జాలి, ప్రేమ రెండూ కలిగాయి. చివరికి ఫోను మోగింది.

"చేరానండీ," అంది అత్తయ్య. "ఒక్కదాన్నే."

వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. మామయ్య, మంచిది, పని చూసుకో అన్నాడు. ఫోను పెట్టేసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను లోపలికి వెళ్లి రెండు టీలు పెట్టాను.

మధ్యాహ్నం ముందు పెద్దదర్జీ నుంచే ఫోను వచ్చింది. మిషన్ బాగైందట, కోట్లు తయారవుతున్నాయట, వచ్చేవారం తక్కిన మిషన్లు కూడా చూడటానికి రమ్మని అత్తయ్యతో చెప్పిందట. అంతకు కాసేపటి ముందే అత్తయ్య బయల్దేరిందని కూడా చెప్పింది. గెలిచాం అనుకుని నేను ఎగిరి గంతేశాను.

అత్తయ్య మాత్రం రాలేదు. అక్కణ్నుంచి వాళ్లింటికి ఎంతో దూరం లేదు. నేను వంట ముగించాను. రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. బండి నడుపుతూ ఎత్తదులే అనుకున్నాం. మళ్లీ చేశాం. నేను చేసిన ఏ మార్పు ఎక్కడ చెడిందో అని మనసులో ప్రోగ్రామంతా తిరగేశాను. మామయ్య చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వచ్చేపోయే బండ్లు ఆయనకు సరిగ్గా కనిపించవు, అయినా తల అటూ ఇటూ తిప్పుతూ చూస్తూనే ఉన్నాడు.

ఎండ వాలుతుండగా స్కూటర్ వచ్చి ఆగింది. అత్తయ్య జుట్టంతా చెదిరిపోయింది, చీర అంచు తడిసి ఇసుక అంటుకుంది. మొహం వెలిగిపోతోంది. దారి తప్పావా అని నేను అరవబోయాను. ఆమె నా వైపు చూడనే లేదు. తిన్నగా మామయ్య దగ్గరకు వెళ్లింది.

"మన ఊరికి ఇంత పెద్ద నది ఉందని మీరెప్పుడూ చెప్పలేదేమండీ?"

"ఉంది. రోజూ ఆ వంతెన మీదనే కదా వెళ్లేవాళ్లం."

"వెళ్లేవాళ్లమే. నాకు మీ చొక్కా వీపు కనిపించేది. ఇన్నేళ్లూ అది తప్ప నేనేం చూశాను?"

తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పొద్దున వెళ్లేటప్పుడు ఫోను మీద తప్ప దేని మీదా చూపు పెట్టలేదట, పని అయ్యాక ఇంటికని బయల్దేరిందట. వంతెన మీద ఉన్నట్టుండి రెండువైపులా నీళ్లు. ఎవరూ తొందరపెట్టడం లేదు. ఎక్కడికి వెళ్లినా ఇంటికి తీసుకొచ్చేది ఒకటి చేతికింద ఉంది. కిందికి దిగి పాదాలు తడుపుకుందట. అక్కడి నుంచి పూలమొక్కలు అమ్మే వీధి, పిల్లలు గాలిపటాలు ఎగరేసే మైదానం, ఒక పెద్ద గడియారం ఉన్న మేడ. ఎక్కడ తిరగమని ఫోను చెబితే అక్కడ తిరగకుండా పక్క సందులోకి పోయిందట. అది పాపం ప్రతిసారీ విసుక్కోకుండా కొత్తదారి చెప్పిందట. ఈ వయసులో నేను ఊరంతా తిరిగొచ్చానే అని నా చేయి పట్టుకుని ఊపింది. ఆమెను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

మామయ్య తల వంచి ఆమె చీర అంచుకు అంటిన ఇసుక వైపు చూశాడు. నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. తలెత్తి మెల్లగా అన్నాడు.

"నేను మాత్రం ఏం చూశాను? ముందుపోయే బండి వెనకచక్రం చూశాను. నీళ్ల వైపు చూస్తే నిన్ను ఎక్కడ పడేస్తానోనని భయం."

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూసింది. ఆకలిగా లేదా అని నేను అడిగాను. ఆమె పెట్టె దింపి గడప లోపల పెట్టి, తన హెల్మెట్ తీసి ఆయన చేతికిచ్చి, వరండాలో నేను పెట్టిన నా హెల్మెట్ తాను పెట్టుకుంది.

"ఎక్కండి."

"ఇప్పుడా?"

"వెలుగుండగానే చూడాలి."

ఆయన వెనక ఎక్కాడు. అక్కడ కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అత్తయ్య వెనక్కి చేయి చాపి, ఆ చేతుల్ని లాక్కుని తన నడుము చుట్టూ వేసుకుంది. స్కూటర్ కదిలింది. వీధి చివర కుడివైపు తిరగమని ఫోను చెప్పడం నాకు గేటు దాకా వినిపించింది. అత్తయ్య ఎడమవైపు తిరిగింది. అటు వెళ్తే చాలా చుట్టు అని మామయ్యకు తెలుసు. ఆయన ఏమీ అనలేదు.